పేజీ వెడల్పు

షైని సొంతంగా వెబ్‌సైట్ తయారు చేసుకుంటానంటే అందరికంటే ముందు సంతోషించింది నేనే. డిజైన్ కోర్సు పూర్తయింది, ఉద్యోగాలకు రాసుకుంటోంది, తన పని చూపించుకోవడానికి ఒక సైట్ ఉండాలంది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వాళ్ళ రైల్వే క్వార్టర్, మాదీ గోడకు గోడ. రోజూ మా వరండాలోనే లాప్‌టాప్ పెట్టుకునేది. పేజీ ఎంత వెడల్పు ఉండాలో తేల్చుకోవడానికే ఎన్నాళ్ళో పట్టింది. పన్నెండు వందల పిక్సెళ్ళు పెడుతుంది, పెదవి విరుస్తుంది, వెయ్యికి దించుతుంది. చివరికి ఎనిమిది వందల దగ్గర ఆగింది.

ఎందుకు ఆగిందో మొదటి పేజీ చూడగానే తెలిసిపోయింది. పైన, కాలేజీ ఫంక్షన్‌లో నేను తీసిన ఫోటో పెట్టింది. ఆ ఫోటోలో ఎడమ పక్క వాళ్ళ మేడమ్, మధ్యలో షైని, కుడి పక్క వాళ్ళమ్మ దోర్కా పిన్ని. పిన్ని ప్రేమ్ బజార్‌లో స్టూడెంట్ల మెస్‌లో వంట చేస్తుంది. ఆ రోజు పొయ్యి దగ్గర్నుంచి నేరుగా వచ్చేసింది. నడుముకి దోపుకున్న మసిగుడ్డ తీయడం కూడా మర్చిపోయింది. ఇప్పుడు పేజీలో మేడమ్ ఉంది, షైని ఉంది. పిన్ని దగ్గరికి వచ్చేసరికి పేజీ అయిపోయింది.

"అమ్మ ఏదే?" అన్నాను.

"నేను ఫోటో కత్తిరించలేదక్కా. పేజీ సైజే అంత. పట్టినంత వరకూ వచ్చింది."

"సైజు ఎవులు పెట్టినారు?"

షైని లాప్‌టాప్ మూసేసింది. నాకు ఒళ్ళు మండింది. తల్లీకూతుళ్ళ మధ్య నేనెందుకని ఊరుకున్నాను.

పిన్ని ఆ పేజీని తన ఫోన్‌లో చూసుకుని మురిసిపోయింది. "నా ఫోన్ సిన్నది కదే జెన్నిఫర్, అందులో నాను పట్టనేదు. మీ టీవీ పెద్దది. ఆదివారం అందులో సూపించు," అంది. సరేనన్నాను.

ఆదివారం చర్చి నుంచి ఇటే వచ్చింది, కొత్త చీరతో, ఎలీసమ్మత్తని కూడా వెంటబెట్టుకుని. ఎలీసమ్మత్త పిన్నికి వదినవుతుంది. షైని తలనొప్పి అంది, తర్వాత చూద్దామంది. "ఒక్క నిముషమే కదే," అంటూ పిన్నే టీవీ వైరు తీసి కూతురి చేతికిచ్చింది.

టీవీ తెల్లగా వెలిగింది. నడుమ సన్నగా పేజీ, అందులో మేడమ్, షైని. అటూ ఇటూ అంతా ఖాళీ.

పిన్ని కుర్చీలోంచి ముందుకు వంగింది. "పక్కన ఇంత సోటుందేటి," అంది మెల్లగా. కూతురి వైపు తిరిగింది. షైని తల ఎత్తలేదు. పిన్నికి అర్థమైపోయింది. ఆ క్షణాన ఆవిడ మొహం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

"ఇందులో నువ్వెక్కడే దోర్కా?" అని అడిగింది ఎలీసమ్మత్త.

"ఫోటో తీసింది నానే కదొదినా. తీసినోలు అందులో ఎలగ పడతారు?" అంది పిన్ని నవ్వుతూ. నేనూ అవునన్నట్టు తలూపాను.

షైనికి మాత్రం ఆ అబద్ధం భరించడం చేతకాలేదు. లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని ఎనిమిది వందలు చెరిపేసి పన్నెండు వందలు కొట్టింది. పేజీ పక్కలకు పెరిగింది. టీవీలో పిన్ని వచ్చి నిలబడింది, చెమట మొహంతో, నడుముకి మసిగుడ్డతో.

"నువ్వే తీసినానన్నావు?" అంది ఎలీసమ్మత్త, పిన్నినీ టీవీనీ మార్చి మార్చి చూస్తూ.

"నేనే అత్తా, అమ్మ కనబడకుండా చేసినాను," అంది షైని. "అమ్మని చూపించడానికి సిగ్గేసింది. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు."

పిన్ని ఆ మాట విన్నదో లేదో. టీవీలో ఉన్న తనని తాను చూసుకుంటోంది. ఆవిడ చెయ్యి కొత్త చీర మీద, నడుము దగ్గర తడుముకుంటోంది. అక్కడ ఏ గుడ్డా లేదు.

"ఇలగ వద్దమ్మా," అంది. "ముందున్నదే బాగుంది. సిన్నది సేసెయ్."