ముక్కుగొట్టంలో పండుగ తీపి

అన్న వెన్‌కాయ్ ఒక్క సంతకం పెడితే అమ్మ మింగగలదో లేదో పరీక్ష చేస్తారు. గట్టెక్కితే ముక్కులోని గొట్టం తీసేస్తారు. దాన్ని పీకేసుకోకుండా ఆమె చేతులకు తొడిగిన గుడ్డ సంచులూ పోతాయి. ఆ సంతకం కోసం చెల్లెలు యూహ్వా అతని కాళ్ళావేళ్ళా పడింది. తైనాన్ నగరంలోని ఆ వృద్ధాశ్రమంలో పెద్దకొడుకు మాటే చెల్లుతుంది. రోజూ వచ్చే కూతురిది ఉత్త చాకిరీ.

చివరికి చలికాలపు పండుగనాడు దయచేశాడు మహానుభావుడు. అతను తెచ్చిన గిన్నెలో అల్లంపాకం, అందులో జిగురు బియ్యప్పిండి ఉండలు. అవి తింటేనే వయసు ఇంకో ఏడాది పెరిగినట్టు. అమ్మ తినకపోతే ఎలా అన్నాడు. పరీక్ష అయ్యాక నోటితోనే తింటుందిలే అని నచ్చజెప్పి, పరీక్ష కాగితం తేవడానికి యూహ్వా నర్సు ఫాంగ్ దగ్గరికి వెళ్ళింది.

ఇద్దరూ వచ్చేసరికి అతను ఉండలను పాకంలో మెదిపి గొట్టంలో పోసేశాడు. డబ్బాపాలూ నీళ్ళూ తప్ప మరేదీ పోయకూడదని మంచం పక్కనే రాసి ఉంది. పిండి లోపల బిగుసుకుపోయింది. ఫాంగ్ మంచాన్ని తలవైపు ఎత్తి, గోరువెచ్చని నీళ్ళతో ఎంత ప్రయత్నించినా కదల్లేదు. చేసేది లేక గొట్టం లాగేసింది.

ఇక పీక్కోవడానికేముందని యూహ్వా చేతిసంచులు విప్పింది. అమ్మ ముక్కు తడుముకుంది. గిన్నె వైపు చూసి నోరు తెరిచింది. నోరు తుడిచే దూదిపుల్లను పాకంలో అద్ది, బాగా పిండి, ఫాంగ్ ఆమె నాలుక మీద రాసింది. అమ్మ చప్పరించి గుటక వేసింది.

"మింగింది, చూశావుగా అన్నా. ఇప్పుడైనా సంతకం పెట్టు."

"పొలమారి పోతే? తల్లిని చంపుకున్నాడని చుట్టాలు నన్నంటారు గానీ నిన్నంటారా?"

"నీ మంచిపేరుకు అమ్మ ముక్కే దొరికిందా?"

అతను కొత్త గొట్టం వెయ్యమని ఫాంగ్‌తో చెప్పి, దానికి కావలసిన కాగితం మీద మాత్రం చదవకుండానే సంతకం గీకాడు. యూహ్వాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఏం చేయగలదు?

కొత్త గొట్టం పొట్లం విప్పుతూ, అమ్మను పట్టుకోవడానికి ఫాంగ్ మరో మనిషిని పిలవబోయింది. అవసరం లేకపోయింది. అమ్మే రెండు చేతులూ కూతురి ముందుకు చాపింది.

"తొడుగు," అంది.

యూహ్వాయే తొడిగింది.