శారీ గార్డు

మూడో కిక్కుకి బండి అందుకుంది. పౌలురాజు చోకు లోపలికి నెట్టి, యాక్సిలరేటర్‌ని పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు పట్టుకుని మెల్లగా తిప్పాడు. సైలెన్సరు ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని పాత పాటే ఎత్తుకుంది. పేరుకి సైలెన్సరే గానీ సైలెంటుగా ఉన్న పాపాన అది ఏనాడూ పోలేదు.

అలవాటు ప్రకారం బండిని ఎడమ వైపుకి రవ్వంత వంచి, ఎడమకాలు నేలకి తన్నిపెట్టి ఆగాడు. ఇప్పుడు భుజం మీద ఒక చెయ్యి పడాలి. సీటు వెనక భాగం నిట్టూర్చినట్టు కిందికి దిగాలి. "ఊఁ, పదండి" అని చెవి పక్కన ఒక మాట వినపడాలి. అవేవీ జరగలేదు. భార్య సువార్త పోయి ఆ రోజుకి సరిగ్గా ఏడాది. ఆ ఏడాది పొడుగునా పౌలురాజు ప్రతి ఉదయమూ ఇలా వంగి ఆగుతూనే ఉన్నాడు. బండికి తెలుసు, అతనికీ తెలుసు, ఆ ఎడమ కాలికే ఇంకా ఎవరూ చెప్పలేదు.

అరవైకి దగ్గర పడిన బక్కపలచని మనిషి. మెడ పొడుగు, చెవులు పెద్దవి, ఒంటికి ఎప్పుడూ కలరా ఉండల వాసన. పేరులో రాజున్నాడు గానీ చేసేది ఆసుపత్రి లినెన్ స్టోరులో దుప్పట్లు దింపుకుని వార్డులకి ఎక్కించే కొలువు. ఇన్నేళ్లలో ఎన్ని వేలమందికి పక్కలు సర్దాడో, ఎవరి పక్కనా నిలబడి ఒక్క ఫోటో దిగలేదు. అసలు ఉద్యోగం ముందు వచ్చింది సువార్తకి. "నర్సాపురం నుంచి నర్సు గాక ఇంకేం వస్తుంది" అని ఆసుపత్రిలో తెలుగువాళ్లు నవ్వేవారు. ఆమె ఢిల్లీ రైలెక్కితే ఇతను ట్రంకుపెట్టె మోసుకుంటూ వెనకాల ఎక్కాడు. సరోజినీ నగర్‌లో ఈ క్వార్టరు ఆమె పేరున వచ్చింది, అతని ఉద్యోగం ఆమె సిఫారసు మీద వచ్చింది. జీవితమంతా ఆమె వెనక అతను నడిచాడు. బండి మీద మాత్రమే ఆమె అతని వెనక కూర్చుంది.

బండి కొన్నప్పుడే సెకండ్‌హ్యాండు. బదిలీ అయి వెళ్లిపోతున్న సదాశివరావు అనే ఆఫీసరు అమ్మితే కొన్నారు. నల్ల ట్యాంకు, దాని మీద ఎర్ర గీత. కొన్న సాయంత్రమే పౌలురాజు, వెనక చక్రంలో చీర చిక్కుకోకుండా, దానికి శారీ గార్డు బిగించాడు. పేరుకి సువార్త గానీ, మనిషి చిన్న వార్తేమీ కాదు, పతాక శీర్షిక. రెండు కాళ్లూ ఒకే వైపుకి వేసుకుని కూర్చుని, ఎడమ మడమ ఆ గార్డు కమ్మీకి తన్నిపెట్టి, సిగ్నలు దగ్గర కీర్తనలు పాడేది. ఒకసారి భుజం నొక్కితే నెమ్మది అని, రెండుసార్లు నొక్కితే కూరగాయలు గుర్తొచ్చాయని. అతని చొక్కాలన్నీ ఎడమ భుజం దగ్గరే ముందు మాసేవి. ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి, ఒకే చర్చి, ఒకే బజారు. అతను ఒక్కడూ బండి తీసిన రోజులు తక్కువ. ఎప్పుడైనా తీసి, దారిలో ఆగిపోయిందని తోసుకుంటూ వస్తే, "నన్నొదిలేసి తిరిగితే అంతేనండి మరి" అని నవ్వేది.

ఇప్పుడు ఆ బండికి గడువు వచ్చింది. ఢిల్లీలో పెట్రోలు బండికి పదిహేనేళ్లు నిండాయంటే నూరేళ్లు నిండినట్టే. వచ్చే నెలలో దీనికి నిండుతాయి. ఈలోగా కాగితాలు రాయించి వేరే రాష్ట్రానికి పంపాలి, లేదంటే తుక్కుకి వెయ్యాలి. సువార్త మేనల్లుడు యేసుకుమార్ గోదావరి లంకల్లో ఊరూరా తిరిగి వాక్యం చెప్పే కుర్రాడు. బండి తాను తీసుకుంటానన్నాడు. సువార్త బండి సువార్తికుడికే చేరుతోందని చర్చిలో అందరూ సంబరపడ్డారు. అతను అత్త జ్ఞాపకార్థ కూడిక కోసం నిన్ననే ఢిల్లీ వచ్చి చర్చిలో దిగాడు. ఈ సాయంత్రం ప్రార్థన, భోజనాలు అయ్యాక బండి తీసుకుంటాడు, రేపు రైలు పార్సిల్లో వేస్తాడు. ఒక్కటే మాట అడిగాడు.

"నడిచేదైతేనే ఇయ్యి మావయ్యా. లంకలో ఆగిపోతే రేవు దాకా తోసుకెళ్లాలి. నేనొక్కణ్ణే కదా తిరిగేది."

నడిచేదే. కాకపోతే నడిచినంతసేపే నడుస్తుంది.

ఆ ఉదయం కూడా కాలనీ గేటు దగ్గరి స్పీడ్‌బ్రేకర్ మీదే ఆగింది. దగ్గలేదు, వణకలేదు. మాట్లాడుతున్న మనిషి నోటికి ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగింది. దిగి, అటూ ఇటూ ఊపి, రెండు కిక్కులు కొడితే మళ్లీ మామూలే. రింగు రోడ్డు మీద ఇంకోసారి, ఆసుపత్రి గేట్లో మరోసారి. ఏడాదిగా ఇదే తంతు. పిలంజీ సందులో మెకానిక్కు ఇర్షాద్ ప్లగ్గు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, పెట్రోలు పైపు మార్చాడు. ఇర్షాద్ భారీ మనిషి. అతనికో పద్ధతుంది. రోగం ఎవరి చేతిలో వస్తుందో వాళ్ల చేతిలోనే చూడాలంటాడు. అందుకని బండి యజమాని చేత నడిపించి, తాను వెనక కూర్చుని, చెవి వంచి ఇంజను వింటాడు. అలా నాలుగుసార్లు పిలంజీ అంతా తిరిగారు. నాలుగుసార్లూ బండి పెళ్లికొడుకు గుర్రంలా నడిచింది. చివరిసారి ఇర్షాద్ దిగి, చేతులు తుడుచుకుంటూ, అంకల్, ఆగుతోంది బండి కాదు, మీరు అని తేల్చేశాడు.

నిజమేనేమో అనిపించింది పౌలురాజుకి.

సగం రోజు సెలవు పెట్టి బయటికి వస్తుంటే గురుగ్రామ్ ఆఫీసు నుంచి కూతురు అనుగ్రహ ఫోను. సాయంత్రం క్యాబ్‌లో వస్తానంది. "పాపా, బైక్ నహీఁ చలీ తో స్క్రాప్ మే దే దో. ప్లీజ్. మెట్రో హై నా." నడవకపోతే తుక్కుకి ఇచ్చెయ్యమని, మెట్రో ఉంది కదా అని. అతను తెలుగులో, మెట్రోలో మీ అమ్మ ఎప్పుడూ ఎక్కలేదమ్మా అనబోయి, సరేలే అన్నాడు.

కూడికకి బియ్యం కావాలి. ఐఎన్ఏ మార్కెట్లో సోనా మసూరి పెద్ద బస్తా కొన్నాడు. కొట్టువాడు దాన్ని వెనక సీటు మీద నిలబెట్టి, తాడు అడ్డంగా రెండు చుట్లు తిప్పి బిగించాడు. మొదటి స్పీడ్‌బ్రేకర్ వచ్చేసరికి పౌలురాజు దిగడానికి సిద్ధంగా కాలు చాపి ఉంచాడు. బండి ఆగలేదు. రెండోదానికీ ఆగలేదు. కాలనీ గేటు దగ్గరి గతుకు, ఏడాదిగా అతన్ని ఒక్కరోజూ క్షమించని గతుకు, అది కూడా దాటిపోయింది. చాపిన కాలు అలాగే గాల్లో ఉండిపోయింది.

ఇంటి మెట్ల మీద బస్తా దించాడు. వంకాయలు మర్చిపోయానని గుర్తొచ్చి మళ్లీ బయల్దేరాడు. గేటు దగ్గర ఠక్కున ఆగింది.

పౌలురాజు హెల్మెట్ తీసి చాలాసేపు సీటు వంక చూశాడు. ముందు సగం అతను కూర్చుని కూర్చుని పల్లమై, మెరుగెక్కి ఉంది. వెనక సగం మెత్తగా, ఎత్తుగా, ఏడాదిగా ఎవరూ వాలని పక్కలా ఉంది. పక్కల సంగతి అతనికి తెలియందేమీ కాదు. తిరిగి వెళ్లి, మెట్ల మీది బస్తాని ఒళ్లోకి లాక్కుని, మళ్లీ సీటు మీదికి ఎత్తి కట్టాడు. కాలనీ చుట్టూ తిరిగాడు. ప్రతి గతుకూ వెతుక్కుని మరీ ఎక్కించాడు. బండి కిక్కురుమనకుండా, అంటే కిక్కు అడగకుండా నడిచింది. వంకాయలు అమ్మే మనిషి రెండుసార్లు చూసి, అంకల్‌జీ బియ్యాన్ని షికారు తిప్పుతున్నారా అని అడిగింది.

అలాగే, బస్తాతోనే, ఇర్షాద్ దగ్గరికి వెళ్లాడు. తాడు విప్పి, బియ్యం అతని స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"ఇర్షాద్ భాయ్, ఈసారి నువ్వు కూర్చోవద్దు. తుమ్ ఖడే రహో. దూరం నుంచి చూడు."

ఇర్షాద్‌కి కోపం వచ్చింది. అయినా రోడ్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పౌలురాజు ఒక్కడూ బయల్దేరాడు. సందు మలుపులో గతుకు ఎక్కగానే బండి ఆగిపోయింది. కట్టుకున్న చేతులు విప్పుకుని ఇర్షాద్ పరిగెత్తుకొచ్చాడు.

సీటు ఊడదీశాడు. వెనక భాగం కింద, తీగలు రెండు కలిసే చోట, తెల్ల ప్లాస్టిక్ కప్లర్ ఉంది. దాని కొక్కెం విరిగిపోయింది. విరిగిన అంచు నిన్నటిది కాదు, మురికి పట్టి నల్లబడింది. ఇర్షాద్ సీటు అడుగు భాగాన్ని దాని మీద పెట్టి అరచేత్తో నొక్కి చూపించాడు. నొక్కితే తీగలు కలుస్తాయి. వదిలేస్తే, గతుకు తగలగానే విడిపోతాయి. నాలుగుసార్లూ ఆ పని తన ఒళ్లే చేసి పెట్టిందని అర్థమై, పొట్ట నిమురుకుని సిగ్గుగా నవ్వాడు.

"ఎన్నాళ్లయి ఉంటుంది?" అన్నాడు పౌలురాజు.

ఎన్నేళ్లో, అన్నాడు ఇర్షాద్. తరవాత నవ్వు ఆపి, మెల్లగా అన్నాడు: "ఆంటీజీ బైఠ్‌తీ థీఁ, ఇసీలియే చల్తీ థీ."

ఆవిడ కూర్చునేది కాబట్టే నడిచేది.

ఇర్షాద్ డబ్బాలోంచి కొత్త కప్లర్ తీశాడు. రెండు నిమిషాల పని. పౌలురాజు అతని చేతి మీద చెయ్యి వేశాడు. ఇర్షాద్ ఆగాడు. సందులో ఎవరో పిల్లవాణ్ణి స్నానానికి పిలుస్తున్నారు. పౌలురాజు ఆ విరిగిన ముక్కని చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఉన్నన్నాళ్లూ బండి పాడై ఉందన్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఇప్పుడిది బాగుపడితే ఒక్కడితో నడుస్తుంది. లంకల్లో అయినా, ఎక్కడైనా, వెనక ఎవరూ లేకపోయినా నడుస్తుంది. అలా నడవాలనే కదా యేసుకుమార్ అడిగింది.

చెయ్యి తీశాడు. "ఠీక్ హై. కర్ దో."

పని అయ్యాక ఇర్షాద్ ఈసారి తనంతట తానే తన పద్ధతి తప్పాడు. వెనక ఎక్కలేదు. పౌలురాజు ఒక్కడే వెళ్లాడు. మలుపులో గతుకు దాటింది, ఇంకొకటి దాటింది, దేనికీ ఆగలేదు. సందు చివర అతనే బండి ఆపుకుని, తాళం తిప్పి, కాసేపు దాని మీద కూర్చున్నాడు.

తిరిగి వచ్చేసరికి ఇర్షాద్ పానాతో సిద్ధంగా ఉన్నాడు. రైలు పార్సిల్లో శారీ గార్డు వంగిపోతుందని, విప్పేసి పంపమని చెప్పాడు. నాలుగు బోల్టులు తుప్పు పట్టి మొరాయించాయి. చివరికి వదిలాయి.

సాయంత్రం మెట్ల ముందు షామియానా కింద కీర్తనలు పాడారు. సువార్త పాడే శ్రుతి ఎవరికీ అందలేదు గానీ అందరూ పాడారు. సోనా మసూరి అన్నం, వంకాయ కూర, కోడికూర. అనుగ్రహ వడ్డించింది. భోజనాలయ్యాక యేసుకుమార్ బండి దగ్గరికి వచ్చి, ట్యాంకు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని ప్రార్థించాడు. గోడ పక్కన ఉన్న గార్డు చూసి, అది కూడా ఇస్తావా మావయ్యా అని అడిగాడు. నీకింకా పెళ్లి కాలేదు కదరా అన్నాడు పౌలురాజు. అందరూ నవ్వారు.

యేసుకుమార్ నిటారుగా ఎక్కి, ఒక్క కిక్కుకే స్టార్టు చేశాడు. ఎడమ వైపుకి వంచలేదు. బండి వెనక ఎర్ర దీపం క్వార్టర్ల వరస చివరిదాకా వెళ్లి మలుపు తిరిగింది. గేటు దగ్గరి గతుకు వస్తుంది ఇప్పుడు. పౌలురాజు అటే చెవి పెట్టాడు. ఆగకూడదనుకున్నాడు. ఒక్కసారి ఆగితే బాగుండుననీ అనుకున్నాడు. చప్పుడు అక్కడ కాస్త ఎగిరి, దిగి, తెగకుండా సాగి, రింగు రోడ్డు హోరులో కలిసిపోయింది.

"చలీ గయీ, పాపా," అంది అనుగ్రహ, వెళ్లిపోయిందన్నట్టు, అతని ఎడమ పక్కన నిలబడి.

"నడిచిందమ్మా," అన్నాడు.

షామియానా వాళ్లు కుర్చీలు మడిచి తీసుకుపోయారు. బండి నిలిపే చోట నేల మీద ఒక నూనె మరక, దాని పక్కన గోడకి ఆనించిన శారీ గార్డు. రంగంతా వెలిసి తుప్పు పట్టింది గానీ, అడుగు కమ్మీ మీద ఒక మడమ ఆనినంత మేర ఇనుము ఇంకా నునుపుగా మెరుస్తోంది.