పదో మనిషి, మూడో చుక్క

మోమొస్తెనాంగో కొండ దిగి, మోపెడు ఉన్ని కంబళ్లతో షేలా పట్నం చేరిన మాయా తెగవాడు తోల్‌తో షావుకారు బరూఖ్ ఆ సాయంత్రం బేరమే ఆడలేదు. కొట్టు కట్టేసి గుమ్మంలో నిలబడి దారి చూస్తున్నాడు ముసలాడు.

ఆ రోజు బరూఖ్ తండ్రి పోయిన తిథి, ఏటా వచ్చేది. పొద్దుగుంకేలోగా కొడుకు ప్రార్థన చదవాలి. చదవాలంటే యూదు మగాళ్లు పదిమంది ఉండాలి. బరూఖ్‌తో కలిపి తొమ్మిదిమందే తేలారు. పదోవాడు నిసీమ్ ఎక్కిన బస్సు ఎక్కడో బురదలో దిగబడింది.

"తలలు లెక్కపెట్టుకునిగాని మీ దేవుడు వినడన్నమాట!" అన్నాడు తోల్. "నన్ను కలుపుకో షావుకారూ. గడ్డం లేదంటావా, రేపటికి పెంచుకొస్తా."

"నువ్వు పనికిరావోయ్."

"నిరుడు వరదొస్తే నేనొక్కణ్ణే మా కొండదేవుణ్ణి పిలిచా. కొండ తల వంచి నీళ్లన్నీ తాగేసి తేన్చింది."

"నిన్న నీ బావమరిది జ్వరంతో వచ్చి మొక్కమంటే, రోజు మంచిది కాదు, పదమూడు రోజులాగి రమ్మన్నావటగా! మీ దేవుడు సెలవులో ఉన్నాడా?"

తోల్ మొహం ముడుచుకుంది. మాయా తెగవాళ్లలో మంచిచెడ్డ రోజుల లెక్క చెప్పే పెద్దరికం అతనిది. నిసీమ్ వస్తాడో రాడో తేల్చడానికి ఎర్ర గింజలు గుమ్మంలో పోసి, నాలుగేసి విడదీసి, రోజుల పేర్లు చదివాడు.

"వస్తాడు. ఇవాళే."

వచ్చాడు నిసీమ్, మోకాళ్లదాకా బురదతో. అప్పుడే సూర్యుడు కొండ వెనక్కి జారాడు.

"చూశావా!" అన్నాడు తోల్.

"ఏం చూడను? మా రోజు పొద్దుతోనే పోతుంది."

"చీకటి పడందే రోజెలా పోతుంది?"

ఆ మాట ప్రార్థనకొచ్చి లోపల కూర్చున్నవాళ్లు అందుకున్నారు. పొద్దు పోయింది, చుక్కలు రాలేదు. ఈ మధ్య వేళ ఏ రోజుది? మూడు చుక్కలు పొడిచేదాకా పాత రోజేనన్నాడొకడు. తన గురువు అలా అనలేదన్నాడు ఇంకొకడు. ఆ గురువుకి గురువు అన్నాడన్నాడు మూడోవాడు. అటక మీంచి పుస్తకాలు దిగాయి. బరూఖ్ ప్రార్థన మొదటి మాట దగ్గరే ఆగి ఉన్నాడు.

తోల్ వీధిలోకి వెళ్లి తలెత్తాడు. "ఒకటి! చదివెయ్ షావుకారూ, ఎవణ్ణడుగుతావ్?"

"ఉండవోయ్, వాళ్లని తేల్చనీ."

"రెండు!"

లోపల పెద్దాయన బల్ల గుద్దాడు. "చదవొచ్చు!"

"మూడు," అన్నాడు తోల్.

పదిమందీ పుస్తకాలు మూశారు. ఆ రోజు పోయింది. తోల్ పగలబడి నవ్వబోయాడు. బావమరిది గుర్తొచ్చాడు. పదమూడులో ఇంకా పన్నెండున్నాయి. కంబళ్ల మోపు గుమ్మంలోనే వదిలేసి, అతని కోసం మొక్కడానికి కొండదారి పట్టాడు.

"ఏమోయ్, ఇవాళ మంచి రోజేనా?" అని వెనకనుంచి అరిచాడు బరూఖ్, కళ్లు తుడుచుకుంటూ.

"కాదు," అన్నాడు తోల్, ఆగకుండా.