చేలో నిలబెట్టిన పన

ఆ ఏడు గార్నమ్ దొర కోసి కట్టిన గోధుమ పనలన్నీ బండ్లకెక్కించి, చేను నడిమధ్య ఒక్క పనను మాత్రం నిలబెట్టి పోయాడు. మా లిడ్‌హామ్ ఊళ్లో ఆ పన ఉందంటే, రాలిన కంకుల పరిగె ఏరుకోవడానికి ఇంకా సెలవు లేదని. అది తీశాకే చర్చి గంట మోగుతుంది, గంట మోగాకే ఆడవాళ్లం చేలో దిగుతాం. ఆ పరిగె గింజలే మాకు చలికాలపు రొట్టె.

మగవాళ్లు కూలి సంఘంలో చేరారని దొరకు కక్ష. నాలుగు రోజులు కంచె పక్కన కూర్చున్నాం. ఐదో రోజున చేలోకి పందులను వదిలాడు. మా కళ్లముందే కంకులు నములుతుంటే చూస్తూ కూర్చున్నాం. పన ఉంది కదా మరి. ఎంత వెర్రివాళ్లమో చూడండి నాయనా, ముప్పైమందికి ఒక గడ్డికట్ట కాపలా కాసింది.

తిర్జా లేచింది. చర్చి గంట కొట్టేది ఆమే. మొగుడు పోయాడు, ముగ్గురు పిల్లలు.

"ఏమే, దానికి చేతులున్నాయా మనల్ని పట్టుకోను?"

"పాదిరిగారు గంట కొట్టొద్దన్నారు కదక్కా," అన్నాను.

"పాదిరిగారి రొట్టె దొర పొయ్యిలో కాలుతుంది హెస్టరూ. మన రొట్టె పందుల నోట్లో ఉంది."

పనను భుజానేసుకుని చర్చికి మోసుకుపోయి, దొర కుటుంబానికని చుట్టూ చెక్క కట్టి తలుపు బిగించిన బెంచీలో కూర్చోబెట్టింది. "ఆదివారం దాకా దొరగారికి బదులు ఇదే ప్రార్థన చేస్తుంది," అంది. అందరం నవ్వాం. ఆమె గంట తాడు అందుకునేలోపే పోలీసు వచ్చి, పన దొంగిలించావంటూ పట్టుకున్నాడు. మా నవ్వు ఆగిపోయింది. ఒక్కరం కదల్లేదు.

బండెక్కుతూ నావైపు చూసింది. "రేపు గంట నువ్వు కొట్టు. కొట్టినవాళ్లు చేలోకి ఆఖరున చేరతారు. దిగులుపడకు."

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే గంట గదిలోకి వెళ్లాను. ఏడు వందల ఏళ్ల చర్చి అది. గోడల నిండా దొరల పేర్లు. ఆ రాళ్లు మోసిన మా వాళ్ల పేరు ఒక్కటీ లేదు. తాడు లాగాను. కిటికీ లేని గది. ఊరు వింటోందో, తలుపులు వేసుకుందో తెలియదు. ఆ తర్వాతెప్పుడో మా ఆయన్ను మట్టిలో పెట్టిన రోజున కూడా అంత ఒంటరితనం ఎరగను.

చేతులు పడిపోయాక బయటికొచ్చాను. దారిలో ఒక్క మనిషి లేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎవరూ రాలేదనుకుని, ఏడ్చుకుంటూ చేనుదాకా నడిచాను.

చేను నిండా వంగిన వీపులు. పక్క ఊరివాళ్లతో కలిపి అరవైమందికి తక్కువ లేరు. తిర్జా పిల్లలు అందరికంటే ముందున్నారు. పందులను ఎప్పుడో తరిమేశారు. కంచె అవతల గుర్రం మీద దొర అరుస్తున్నాడు, పోలీసు పేర్లడుగుతున్నాడు. ఎవరూ నడుమెత్తలేదు.

నేను ఏప్రన్ మడిచి కట్టుకుని వరస చివర వంగాను.

"త్వరగా ఏరు," అంది పక్కనున్న డోర్కాస్, తలెత్తకుండానే. "రేపు తిర్జా కోసం జైలుదాకా నడవాలి. అందరికీ రొట్టె కావాలి."