అమ్మకు లేని జబ్బు

ఎన్‌కార్నసియోన్ ఊళ్ళో దోన్యా ఒబ్దూలియా గారి కళ్ళజోళ్ళ దుకాణంలో వెనకగది నాది. ఎనిమిదేళ్ళుగా అక్కడే కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాను. చేరిన మూడో ఏట ఒక్కసారి జీతం పెంచారు. ఆ తరవాత ఆ ఊసే లేదు. అడగాలని ప్రతి నెలా అనుకునేదాన్ని. ఆవిడ గది తలుపు దాకా వెళ్ళి, "మరలు అయిపోయాయండీ" అని చెప్పి తిరిగొచ్చేదాన్ని.

కిందటి మే నెలలో మాత్రం లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ ఆకులు నానబెట్టిన చల్లటి పానీయం, తెరెరే, తాగుతున్నారు.

"చెప్పు జునీల్డా."

నా పని గురించి నాలుగు వాక్యాలు బట్టీపట్టి వెళ్ళాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మా అమ్మకి కిడ్నీలు పాడయ్యాయండీ. మందులకి చాలా అవుతోంది. జీతం ఏమన్నా పెంచితే..."

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. "ఎప్పట్నించి?"

"మొన్న ఈస్టర్ నుంచి."

అంత గడగడా ఎలా చెప్పానో నాకిప్పటికీ తెలీదు. ఈ నెల నుంచే పెంచుతానని ఆవిడ అన్నారు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఎప్పుడు తీస్తారా అని కూర్చున్నాను.

మా అమ్మకు అరవై రెండేళ్ళు. రోజూ నెత్తిన బుట్ట పెట్టుకుని, ఊరంతా నడిచి చీపా రొట్టెలు అమ్ముతుంది. జలుబుకు కూడా మంచం ఎక్కిన మనిషి కాదు.

కౌంటర్లో కూర్చునే బ్లాసిదాకు మర్నాటికే సంగతి తెలిసింది. రోజూ పొద్దున్నే ఓ ఆకుల కట్ట తెచ్చేది.

"ఇవి దంచి మీ అమ్మ తెరెరేలో వెయ్యి. మా ఆయన కిడ్నీలో రాళ్ళు వీటితోనే పడిపోయాయి."

"అలాగే అక్కా."

సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు ఆ కట్టను చెత్తకుండీలో పడేసేదాన్ని.

ఆ తరవాత మూడో శనివారం దుకాణం మూశాక దోన్యా ఒబ్దూలియా కారు తలుపు తీసి, "ఎక్కు, మీ అమ్మని చూసొద్దాం" అన్నారు. వెనక సీట్లో మూత కట్టిన గిన్నె ఉంది. కోడి పులుసులో మొక్కజొన్న ఉండలు వేసి ఆవిడే స్వయంగా వండారట.

"నిద్రపోతూ ఉంటుందేమోనండీ."

"నిద్రపోతుంటే గిన్నె పెట్టేసి వస్తాలే."

అమ్మ ఇంట్లో ఉండకూడదని దారి పొడవునా మొక్కుకున్నాను. అమ్మ ఇంట్లో లేదు, ఇంటి మీద ఉంది. రేకుల కప్పు ఎక్కి, పళ్ళ మధ్య మేకులు కరిచిపట్టి, సుత్తితో కొడుతోంది.

"జునీల్డా వాళ్ళమ్మ మీరేనా?" దోన్యా ఒబ్దూలియా తలెత్తి అడిగారు.

అమ్మ మేకులు చేతిలోకి తీసుకుంది. "నేనేనమ్మా."

"నేను ఒబ్దూలియాని. మీ కిడ్నీలు ఎలా ఉన్నాయో కనుక్కుందామని వచ్చాను."

అమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆమెకు అర్థం కావడానికి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. నిచ్చెన దిగుతూ మధ్యలో ఆగి, ఓ చేత్తో నడుం పట్టుకుంది.

"పొద్దుట్నించి కాస్త తెరిపిగా ఉందమ్మా. అందుకే ఎక్కాను."

నిన్నటి చీపాను ఇవాళ్టిదని చెప్పి ఎన్నడూ అమ్మి ఎరగదు మా అమ్మ.

దోన్యా ఒబ్దూలియా సుత్తి వైపు ఓసారి చూసి, గిన్నె ఇచ్చి, పది నిమిషాలు కూర్చుని వెళ్ళిపోయారు. అమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె గేటు వేసి వచ్చింది.

"నాకేం జబ్బని చెప్పావో సరిగ్గా చెప్పు. రేపెవరన్నా అడిగితే తడబడకూడదు."

"అమ్మా, నేను..."

"కిడ్నీలు రెండూనా, ఒకటేనా?"

ఆ తరవాత అమ్మ మా దుకాణం ఉన్న వీధిలోకి రావడం మానేసింది. ఆమె నా తల్లని తెలీకపోయినా, అమ్మ దగ్గర ఎక్కువగా కొనేవాళ్ళంతా ఆ వీధివాళ్ళే. వారం దాటాక సోమవారం పనికి వెళ్తూ బస్సులోంచి ఆమెను చూశాను. వెనక వీధిలో బుట్టతో మెల్లగా నడుస్తోంది. చూసేవాళ్ళెవరూ లేరు. అయినా చెయ్యి నడుం మీదే ఉంది.

బస్సు దిగి నేరుగా దోన్యా ఒబ్దూలియా గదిలోకి వెళ్ళాను.

"మా అమ్మకి ఏ జబ్బూ లేదండీ."

"తెలుసు. చూసిన రోజే తెలిసింది. నువ్వే వచ్చి చెప్తావని ఊరుకున్నాను. తొమ్మిది రోజులు పట్టింది."

తిట్టి ఉంటే బాగుండేది. "పెంచింది తీసేయండి" అన్నాను.

"తీసేస్తాను. అది మందులకని ఇచ్చింది. ఇంకేమన్నా చెప్పాలా?"

వెనక్కి తిరగబోయి ఆగాను. బట్టీపట్టిన వాక్యాల్లో ఒక్కటీ గుర్తురాలేదు. "ఎనిమిదేళ్ళలో నేను బిగించిన అద్దం ఒక్కటి కూడా వెనక్కి రాలేదండీ. నా పనికి జీతం పెంచండి" అన్నాను. తల మాత్రం ఎత్తలేకపోయాను.

ఆవిడ జీతాల పుస్తకం తెరిచారు.

"నువ్వు అడగట్లేదు కదా అని ఐదేళ్ళు నేనూ హాయిగా ఊరుకున్నాను. అది నా తప్పు. ఇది నీది. జనవరి నుంచి పెంచుతాను. బ్లాసిదాకి నిజం నువ్వే చెప్పుకో."

ఆ సాయంత్రమే చెప్పాను. బ్లాసిదా అద్దాలు తుడిచే గుడ్డలు మడతపెడుతోంది.

"ఆ ఆకులేం చేశావు?"

"పారేశాను అక్కా."

"మా ఆయన తెల్లారే ఏటి ఒడ్డుకి పోయి కోసుకొచ్చేవాడు" అని మళ్ళీ మడతల్లో పడింది. అప్పట్నించి నాతో పని మాటలు తప్ప మాట్లాడదు.

జనవరిలో జీతం పెరిగింది. అబద్ధానికి ఇచ్చినంత కాదు, అందులో సగం. ఇంటికి వెళ్ళి చెబితే, పిండి పిసుకుతున్న అమ్మ తల తిప్పకుండానే అడిగింది.

"ఈసారి ఏమని అడిగావు?"

"పని బాగా చేస్తానని."

"ఆ మాట మొదటిసారే ఎందుకు రాలేదే నీకు?"

చేతులు కడుక్కుని ఆమె పక్కన కూర్చుని ఉండలు చేయడం మొదలుపెట్టాను.