అంచున ఉన్న మచ్చ

"బొమ్మలో ఆ మూల మచ్చ కత్తిరించెయ్. ఉంగరం సరిగ్గా మధ్యకి వస్తుంది," అన్నారు మా ఆయన, పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే. అత్తయ్యకి మందులు తీసిస్తూ సరేనన్నాను.

ఆ మచ్చ ఒక చిన్న గెలాక్సీ. ఆయన డైరెక్టరుగా ఉన్న పరిశోధనశాలలోనే నేనూ పనిచేస్తాను. ఉంగరంలాంటి పెద్ద గెలాక్సీ ఎలా పుట్టిందో లెక్కలు కట్టింది నేను, రేపు సభలో చెప్పేది ఆయన. ఒకప్పుడు అదీ అన్నిటిలా నిండుగానే ఉండేది. ఈ చిన్నది దాని నడుమ నుంచి దూసుకుపోయింది. నక్షత్రాలు ఎంత ఎడంగా ఉంటాయంటే, ఒకటి ఇంకోదానికి తగల్లేదు. కానీ ఆ చిన్నదాని లాగుడుకి అన్నీ లోపలికి ఒరిగి, అది దాటిపోగానే బయటికి పొర్లాయి, బిందెలో బొట్టు పడితే అల పరుచుకున్నట్టు. ఆ అలలో కొత్త నక్షత్రాలు భగ్గుమన్నాయి. చూసినవాళ్ళు ఆ వెలుగుకే ముచ్చటపడతారు. నడుమ ఖాళీ అవుతోందని ఎవరికీ పట్టదు.

మా ఇంట్లోనూ ఎవరూ ఎవరికీ తగలరు. చెయ్యి లేవదు, గొంతు లేవదు. "మా కోడలికి నోట్లో నాలుకే లేదు," అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ మురిపెంగా చెప్తుంది. అప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. నవ్వి టీ కప్పులు అందిస్తాను.

"అన్నట్టు," అన్నారాయన చెయ్యి కడుక్కుంటూ, "వచ్చే నెల నుంచి నువ్వు రావని ఆఫీసులో చెప్పేశాను. అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. నీ సీటు కొత్తమ్మాయికి ఇచ్చాం."

"నన్నడగలేదే మీరు?"

"అడిగితే మాత్రం కాదంటావా ఏంటి?"

అత్తయ్య నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను. అలవాటుగా నవ్వాను కూడా. అందుకే నాకు భయం వేసింది.

గదిలోకి వెళ్ళి బొమ్మ తెరిచాను. మచ్చని ముట్టుకోలేదు. లెక్కలు కట్టింది ఎవరో కింద నా పేరుతో రాసి, సభవాళ్ళకి పంపేశాను. తమ దగ్గరికి రమ్మని ఎప్పటినుంచో అడుగుతున్న వేరే ఊరి పరిశోధనశాలకి ఫోన్ చేసి, రేపే చేరతానన్నాను. అత్తయ్య మందులు ఏ పూటవి ఆ పూటకి విడదీసి, ఆయన కళ్ళజోడు పక్కన పెట్టాను. సంచీ సర్దుకున్నాను.

హాల్లో ఆయన, అత్తయ్య టీవీ చూస్తున్నారు. వాళ్ళిద్దరి మధ్య నుంచే నడిచాను.

"వచ్చేటప్పుడు పాలు తీసుకురామ్మా," అంది అత్తయ్య, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

తలుపు మెల్లగా దగ్గరికి వేశాను. లోపల టీవీ మోగుతూనే ఉంది. చిన్నది దాటిపోయిన క్షణంలో ఆ పెద్ద గెలాక్సీకి కూడా ఏమీ తెలిసి ఉండదు.