ఆకుపచ్చ కోటు మేడమ్

మా పెద్దాడు దొంగతనం కేసులో లోపలికి వెళ్ళిన నెలకే ఆకుపచ్చ కోటు మేడమ్ మా గుమ్మం తొక్కింది. కోటు వీపు మీద ‘నేరం పుట్టకముందే ఆపుదాం’ అని ఇంతేసి అక్షరాలు. అన్న దారిలో చెల్లెలు నడవకుండా చూడటం ఆవిడ ఉద్యోగమట. మా చిన్నది ఒకరి పెన్సిలు ముక్క ముట్టుకున్న పిల్ల కాదు. నాకు ఒళ్ళు మండింది. కానీ వద్దంటే తల్లి సహకరించడం లేదని పైకి చెబుతారు, పెద్దాడి విడుదలకు అది అడ్డం. నోరు మూసుకుని కుర్చీ వేశాను.

మేడమ్ మంచిది, అదే నా ఖర్మ. చెడ్డదైతే నాలుగు దులిపేసి పంపేదాన్ని. చిన్నదానికి దగ్గరుండి కుట్టు నేర్పించింది. కానీ ఆ కోటు మెట్లెక్కిన ప్రతిసారీ ఎదురింటామె ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుపోయేది. పని అడిగితే మా చుట్టుపక్కల కుట్టు షాపుల వాళ్ళు ఒక్కొక్కరే చూద్దాంలే అనేశారు.

“ఆ కోటు విప్పేసి రండి మేడమ్,” అన్నాను.

“ఆఫీసులో ఊరుకోరమ్మా. అయినా పాపకి పని దొరికితే ఇక నేను రానుగా.”

పని దొరికితే ఆవిడ రాదు. ఆవిడ వస్తున్నంతకాలం పని దొరకదు. ఎటు తిరిగినా అదే గోడ.

చివరికి దూరపు వీధిలో ఒక షాపాయన, మా సంగతి తెలియనివాడు, చిన్నది కుట్టిన కాలరు చూసి పనిలోకి రమ్మన్నాడు. పిచ్చిది సంతోషం పట్టలేక మేడమ్‌తో చెప్పేసింది. ఆవిడ ఉండబట్టలేక మర్నాడే కోటుతో సహా షాపుకు వెళ్ళి, “ఈ పిల్లకి పూచీ నాదండీ,” అందట. పూచీ ఎవరడిగారు తల్లీ నిన్ను.

షాపాయన పనిలోంచి తీసేయలేదు. సాయంత్రం అందరూ సరాసరి ఇళ్ళకు పోతారు, మా చిన్నది మాత్రం సంచి తెరిచి చూపించి పోవాలన్నాడు.

“మానేయవే,” అన్నాను.

“మానేస్తే మేడమ్ మళ్ళీ వస్తుంది కదమ్మా.”

ఈవేళ పని నుంచి వచ్చి గడప దగ్గరే ఆగింది. నేను అడగలేదు. తనంతట తనే సంచి జిప్పు తీసి నా ముందు పట్టుకుంది. ఛీ అని సంచి విసురుగా లాగేసి పిల్లని దగ్గరికి తీసుకోవలసింది. నా పాడు కళ్ళు ముందు సంచిలోకి వెళ్ళాయి. చిన్నది నా కళ్ళనే చూస్తోంది.

“అన్నం డబ్బా ఒక్కటేనమ్మా,” అంది.